రంగూన్ తాతయ్య ఆస్తి

వెస్ట్ మాంబళం, చెన్నై

చి॥ సౌ॥ బుజ్జికి,

అమ్మ ఆశీస్సులు. ఫోన్ చేస్తే పోయేదిగా అంటావు. ఫోన్ పట్టుకుంటే మీ నాన్న వచ్చి పక్కన కూర్చుని స్పీకర్ పెట్టమంటారు. ఇది ఆయన వినకుండా చెప్పాల్సిన సంగతి, అందుకే కాగితం తీశాను.

పోయిన సోమవారం పోస్టులో నాన్న పేరు మీద ఒక కవరు వచ్చింది. మందపాటి కాగితం, పైన త్రాసు బొమ్మ, కింద ఎర్ర ముద్ర. లండన్‌లో లాయరునని ఒకాయన రాశాడు. తన క్లయింటు భార్యాబిడ్డలతో సహా కారు ప్రమాదంలో పోయాడట, బ్యాంకులో కోటీ ఇరవై లక్షల డాలర్లు వదిలేశాడట, వారసులు లేరట. మీ ఇద్దరి ఇంటిపేరూ ఒకటే కనక మిమ్మల్ని వారసుడిగా చూపిస్తాను, పది శాతం దానధర్మాలకి పోగా మిగతాది చెరిసగం, ఎవరికీ చెప్పకండి అని.

మీ నాన్న నిజంగానే ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా! రెండు రోజులు కాఫీ చల్లారిపోతున్నా చూసుకోలేదు. బుధవారం వాచ్‌మన్‌ని పిలిచి అటక మీది ట్రంకు పెట్టె దింపించారు. నేను వెళ్లి చూసేసరికి ఒళ్లో ఈ ఉత్తరం, చేతిలో రంగూన్ పోస్టుకార్డు.

గుర్తుందా, ఆయన తాతగారి తమ్ముడు? కాకినాడ నుంచి ఓడెక్కి రంగూన్ బియ్యం మిల్లులో పనికి వెళ్లినాయన. అక్కడ మనవాళ్లని కోరంగీలు అనేవాళ్లు, మన కోరంగి రేవు పేరు మీదే. 1941 డిసెంబరులో అక్కడ జపాన్ బాంబులు పడ్డాక ఆయన దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఆ తరవాత బర్మా నుంచి నడిచి వచ్చినవాళ్లలోనూ ఆయన లేడు. ఇంట్లో ఏ ఇబ్బంది వచ్చినా మీ నాయనమ్మ ‘రంగూన్ ఆయన ఉండుంటేనా’ అనేది. అది వింటూ పెరిగిన మనిషి మీ నాన్న. పోయిన క్లయింటు ఆ తాతయ్య మనవడేమో అని ఆయన లెక్క.

నేను పేరు చూశాను. డేవిడ్, దాని పక్కన మీ నాన్న పేరు. (నేను రాయను, నీకు తెలుసుగా.) ఈ ఊళ్లో మనం ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించేసుకున్నాం. ఏ జాబితాలోనో దొరికిన పేరులో పెద్ద ముక్కే ఇంటిపేరనుకున్నాడు ఆ మహానుభావుడు! అదే అంటే, ‘ఫారిన్ వాళ్లు మన పేర్లు తిరగేసి రాస్తారే’ అన్నారు నాన్న. లండన్ లాయరు కవరు మీద స్పెయిన్ స్టాంపు ఎందుకుందంటే దానికీ ఏదో చెప్పారు.

ముప్ఫై ఏళ్లు బ్యాంకులో పోయినవాళ్ల ఖాతాల కాగితాలు చూసినదాన్ని. నామినీ ఎవరు, డెత్ సర్టిఫికెట్ ఏది, వారసుల సర్టిఫికెట్ ఏది అని సొంత కొడుకులనే తిప్పేవాళ్లం. పదేళ్లు ఎవరూ అడగని డిపాజిట్టు రిజర్వు బ్యాంకు నిధికి పోతుంది. వెతుక్కోవడానికి 2023లో ఉద్గమ్ అని పోర్టల్ పెట్టారు, కానీ వెతుక్కోవాల్సింది మనమే. పేరు కలిసిందని ఎవరూ డబ్బు మూట పట్టుకుని మన వీధికి రారు.

‘పైసా అడగలేదుగా’ అన్నారు. మొదటి ఉత్తరంలో అడగరు. జవాబిస్తే పాస్‌పోర్టు కాపీ, ఖాతా నంబరు అంటారు. తరవాత ఫైలు ఫీజు, పన్ను, ఇంకేదో క్లియరెన్సు, ప్రతిసారీ ఇదే ఆఖరిదంటారు. ఈ రకం మోసానికి లోకమంతా 419 అని పేరు, నైజీరియా చట్టంలో సెక్షన్ నంబరు అది. మన పాత చట్టంలోని 420కి ఒకటి తక్కువ. అసలు వాడు అడిగిందేమిటి? దొంగ వారసుడిగా సంతకం పెట్టమనేగా. రేపు మోసపోయినా స్టేషన్‌కి వెళ్లడానికి మొహం చెల్లదు. ఆ రహస్యం అందుకు.

నా మాట పడలేదు. పడింది పై అంతస్తు మామి మాట. సాయంత్రం మావిడికాయ ఊరగాయ ఇవ్వడానికి వచ్చి, బల్ల మీద కవరు చూసి, ‘మీకూ వచ్చిందా?’ అని పకపకా నవ్వింది. వాళ్లకొచ్చిన దాంట్లోనూ అదే కారు, అవే డాలర్లు, అదే డేవిడ్. పక్కన మాత్రం వాళ్లాయన పేరు.

మీ నాన్న నవ్వలేదు. ఘాటుగా నాలుగు తిట్లు రాసి పంపిస్తానన్నారు. వద్దన్నాను, తిట్టు రాసినా ఈ అడ్రసులో మనిషి ఉన్నాడని వాడికి తెలిసిపోతుంది. కవరు బీరువాలో పెట్టాను. రాత్రి లైటు తీసేశాక, ‘డబ్బు కోసం కాదే. ఆయన బతికాడేమో అనుకున్నా’ అన్నారు.

అల్లుడిగారికి చెప్పకు. చెప్పినా, ఫోన్లో నాన్న దగ్గర ఎత్తొద్దను.

ఆ పోస్టుకార్డు రెండు వైపులా ఫొటో తీయించాను, ఇందులో పెడుతున్నాను. పోస్టాఫీసు ముద్రలో తారీఖు చెరిగిపోయింది. నీ కంప్యూటర్‌లో పెద్దది చేసి, ఏ సంవత్సరమో కనబడితే చెప్పు. అది మాత్రం నాన్నకే ఫోన్ చేసి చెప్పు.

అమ్మ