బిగ్ బ్యాంగ్‌ను బాంబు చేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

విశ్వం పుట్టుక మీద పత్రికల్లో వ్యాసం వచ్చిందంటే పక్కన దాదాపు ఒకటే బొమ్మ. చీకట్లో నిప్పుల బంతి పేలి, ముక్కలు నలుదిక్కులా ఎగురుతుంటాయి. పైన, బిగ్ బ్యాంగ్‌కు తెలుగుగా, ‘మహా విస్ఫోటనం’ అని శీర్షిక. ఆ బొమ్మా, ఆ మాటా రెండూ మానుకోమని అడగడానికే ఈ ఉత్తరం.

నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరయ్యాను. మా దిక్కు పిల్లలకు పేలుడంటే ఏమిటో వివరించాల్సిన పని లేదు. కరీంనగర్ వైపు ఎన్ని గ్రానైట్ క్వారీలో! ఒకచోట మందు పెడతారు, రాయి పగిలి చుట్టూ పడుతుంది. అందుకే ప్రతి ఏడూ అదే ప్రశ్న: “ఎక్కడ పేలింది సార్?” తప్పు పిల్లలది కాదు, మనం ఇచ్చిన మాటది.

పేలిన చోటంటూ లేదు. సుమారు 1380 కోట్ల ఏళ్ల కిందట విశ్వమంతా విపరీతమైన వేడితో, కిక్కిరిసి ఉండేది. ఇప్పుడు హనుమకొండ ఉన్న చోటు కూడా అందులోదే. అప్పటి నుంచి స్థలమే సాగుతూ వస్తోంది. క్లాసులో నేను సర్వపిండి సంగతి చెప్పేవాణ్ని. గిన్నెలో ముద్ద పెట్టి వేళ్లతో ఒత్తుతుంటే శనగపప్పు బద్దలు ఒకదానికొకటి దూరమవుతాయి. ఏ బద్ద మీద కూర్చుని చూసినా మిగతావన్నీ తన నుంచే జరిగిపోతున్నట్టుంటుంది, దూరాన ఉన్నది ఇంకా వేగంగా. గెలాక్సీల, అంటే నక్షత్రాల మహా గుంపుల, విషయంలో 1929లో ఖగోళ శాస్త్రవేత్త హబుల్ చూపించింది ఇదే. అంతకు రెండేళ్ల ముందే బెల్జియం చర్చి ఫాదర్ లెమైత్ర్ లెక్క కట్టాడు. బద్ద మాత్రం సాగదు. అట్లాగే మన గెలాక్సీ కూడా గురుత్వాకర్షణ పట్టులో ఉంది కాబట్టి సాగదు.

“పిండికి అంచు ఉంది కదా సార్” అని ఒక అమ్మాయి పట్టుకుంది. నిజమే, ఉదాహరణ అక్కడ తెగిపోతుంది. విశ్వానికి అంచు ఉన్నట్టు ఆధారం లేదు.

ఆకారం దగ్గరా ఇదే తంటా. ‘విశ్వం చదునుగా ఉంది’ అని రాసి వదిలేస్తే రొట్టెలా ఉందనుకుంటారు. ఎంత పెద్ద త్రిభుజం గీసినా మూడు కోణాలు కలిపితే 180 డిగ్రీలే వస్తుందని దానర్థం. విశ్వానికి 3.8 లక్షల ఏళ్ల వయసున్నప్పుడు బయల్దేరిన వెలుగును కొలిచి ఆ మాట చెబుతున్నారు. ఈ ఒక్క వాక్యం కలిపితే ఎంత స్థలం పోతుంది?

అసలు ‘బిగ్ బ్యాంగ్’ అన్నదే ఆ సిద్ధాంతాన్ని ఒప్పుకోని ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్, 1949లో బీబీసీ రేడియోలో. ఇంగ్లీషువాళ్లకు అది పేరుగా నిలిచిపోయింది. మనం దానికి అర్థం తీసి మరీ పేల్చాం.

కాబట్టి బిగ్ బ్యాంగ్ అనే రాయండి, తెలుగే కావాలంటే ‘విశ్వ విస్తరణ ఆరంభం’ అనండి. బొమ్మకు రెండు గడులు చాలు, మొదటిదాన్నిండా చుక్కలు దగ్గరగా, రెండోదాన్నిండా దూరంగా. మీ ఆర్టిస్టుకు నిప్పుల బంతి కన్నా అదే సులువు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ