మధ్యలో ఆ అరుపులెందుకు?

సంపాదకులకు నమస్కారం.

జానపద వాద్యాలనూ వరసలనూ హెవీ మెటల్ రాక్ హోరుతో కలిపే ఫోక్ మెటల్ వినే పిల్లలున్న ఇంట్లో తగువు దాదాపు ఒకే చోట మొదలవుతుంది. పాట వేణువుతోనో ఫిడేలుతోనో ఎత్తుకుంటుంది. పెద్దవాళ్లు తల కూడా ఊపుతారు. ఇరవై సెకన్లు గడిచేసరికి గిటార్లు విరుచుకుపడతాయి, ఆ వెనకే బొంగురు గొంతు. "ఇంతవరకూ బాగానే ఉందిగా, ఇప్పుడేమొచ్చింది వాడికి?" అంటుంది అమ్మ. ఆ మాటలో అసలు సంగతంతా ఉంది. పాటలో సగం ఆమెకు నచ్చింది. నచ్చనిది ఆ గొంతూ, ఆ హోరూ. దాన్ని వదిలేసి పిల్లలేమో "నీకు సంగీతం తెలీదు" అంటారు, పెద్దలేమో "వీడు చెడిపోతున్నాడు" అంటారు. ఒక్కో అభ్యంతరాన్నీ విడదీసి చూస్తే కొన్నింటికి జవాబుంది, కొన్నింటిలో పెద్దవాళ్లదే రైటు.

ముందు గొంతు సంగతి. ఆ పాడే తీరును గ్రౌల్ అంటారు. మనం మాట్లాడేటప్పుడు కంపించే స్వరతంత్రులకు కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. మామూలు మాటల్లో వాటికి పెద్దగా పనుండదు. గ్రౌల్‌లో అవి కూడా కంపిస్తాయి. రష్యాలోని తువా, పక్కనున్న మంగోలియా ప్రాంతాల కంఠగానంలో (గొంతు లోతుల్లోంచి మోత పుట్టించే గానం) కర్గిరా అనే పద్ధతి ఉంది, అందులోనూ పనిచేసేవి ఇవే. అసలు తంత్రులు రెండుసార్లు కంపించేసరికి పై మడతలు ఒకసారి కంపిస్తాయి కాబట్టి గొంతు ఒక స్థాయి కిందికి, మంద్రంలోకి దిగినట్టు వినిపిస్తుంది. మంగోలియా కంఠగానాన్ని యునెస్కో 2010లో తన వారసత్వ జాబితాలో చేర్చింది. అదే మడతలతో పుట్టిన ధ్వని ఒకచోట వారసత్వం, ఇంకోచోట "కేకలు".

అయితే "నువ్వూ అలా పాడితే గొంతు పోతుంది" అన్న భయం ఉత్తిది కాదు. నేర్చినవాడు గాలిని కడుపు నుంచి నిలకడగా వదులుతాడు, శబ్దం పెంచే పని మైక్‌కు వదిలేస్తాడు. నేర్వనివాడు మెడ బిగించి అరుస్తాడు, దెబ్బ తగిలేది అక్కడే. కొత్తవాళ్లకు రోజుకు పది నిమిషాలు చాలు. మంటగానీ నొప్పిగానీ మొదలైతే ఆ రోజుకు ఆపేయాలి. బొంగురు మూడు వారాలైనా తగ్గకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి.

ఇక పిల్లలు చేసే పెద్ద పొరపాటు: తమకు అన్నిటికన్నా ఇష్టమైన పాటను ఫోన్ స్పీకర్‌లో పెట్టి పెద్దవాళ్లకు వినిపించడం. గిటార్ అడుగు తీగ మోత 82 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, చాలా బ్యాండ్లు దాన్ని ఇంకా కిందికి శ్రుతి చేస్తాయి. ఫోన్‌లోని బుల్లి స్పీకర్ 200 హెర్ట్జ్ దిగువన దాదాపు ఏమీ పలకదు. పాటకు పునాది పోయి, పైన డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని కావాలని చెదరగొట్టడం) గరగర మాత్రం మిగులుతుంది. నిమిషానికి 200 బీట్ల పాటలో రెండు కాళ్లతో వాయించే డబుల్ బేస్ డ్రమ్ బీటుకు నాలుగు చొప్పున మోగితే సెకనుకు 13 దెబ్బలు. మంచి స్పీకర్‌లో అది ఉరుములాగా వస్తుంది, ఫోన్‌లో టైపు మిషన్‌లాగా టకటకమంటుంది. ఫిడేలుకు, గిటార్‌కు మధ్య పోటీ కూడా ఇక్కడే ముదురుతుంది: రెండింటి బలమూ మధ్య శ్రుతుల్లోనే ఉంది కాబట్టి, చిన్న స్పీకర్‌లో గిటార్ గరగర ఫిడేలును మింగేస్తుంది.

కాబట్టి రెండు స్పీకర్లున్న సెట్ మీద పెట్టండి. కూర్చునేది ఒకటిన్నర, రెండు మీటర్ల దూరంలో. ఈక్వలైజర్ మామూలుగానే ఉంచండి, బేస్ బూస్ట్ నొక్కకండి. నొక్కితే గదంతా దద్దరిల్లుతుంది గానీ రాగం వినపడదు. పక్కన కూర్చున్నవాళ్లు గొంతు పెంచకుండా మాట్లాడుకోగలిగేంత శబ్దం చాలు. రెండు పాటలయ్యాక ఆపేయండి, వాళ్లు అడిగితేనే మూడోది. వినేటప్పుడు వాళ్ల మొహంలోకి చూస్తూ కూర్చోవద్దు. అది పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్ చేసే పని.

ఏ పాటలు ముందు? గ్రౌల్ లేనివి. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల బ్యాండ్ ట్యూర్ తమ దీవుల పాత గాథలను మామూలు గొంతుతోనే పాడుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన ఎలువైటీ 2009లో 'ఎవొకేషన్ 1' పేరుతో దాదాపుగా ఎకౌస్టిక్ (కరెంటు అక్కర్లేని) వాద్యాలతోనే ఒక ఆల్బమ్ చేసింది. అందులో వినిపించే హర్డీగర్డీని పెద్దలకు ముందే పరిచయం చేస్తే సగం పని అయినట్టే: పిడి తిప్పితే రాళం పూసిన చక్రం తిరిగి తీగలను రాస్తుంది, కమాను పని అదే చేస్తుంది, మీటలు నొక్కితే స్వరం మారుతుంది, రెండు మూడు తీగలు ఆధార శ్రుతిని విడవకుండా పట్టుకునే ఉంటాయి. మంగోలియా బ్యాండ్ ద హూది గుర్రపు వెంట్రుకల తీగలున్న మోరిన్ ఖూర్ అనే వాద్యం, దానికి తోడు కంఠగానం. మొరటుగా వినిపించినా లయ నిదానం, అడుగులు వేసినట్టుంటుంది. "ఇలాంటివాళ్లను ఎవరు పట్టించుకుంటారు?" అనే మామయ్యకు, 2019లో మంగోలియా తన అత్యున్నత పురస్కారం చెంగిజ్ ఖాన్ ఆర్డర్‌ను వీళ్లకే ఇచ్చిందని చెప్పవచ్చు. తైవాన్ బ్యాండ్ థానిక్ గాయకుడు ఫ్రెడ్డీ లిమ్ 2016లో పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. (థానిక్‌ను మాత్రం మొదటిరోజే వినిపించకండి.)

ఫిన్లాండ్ బ్యాండ్ కోర్పిక్లానీతో కొంచెం జాగ్రత్త. అకార్డియన్, ఫిడేలు, గంతులు వేయించే లయ, పెద్దవాళ్లు ఇట్టే పడిపోతారు. తీరా ఆ పాటల్లో చాలావాటి విషయం మందు. 2009 నాటి ఒక పాట పేరే 'వోడ్కా', పైగా అది ఇంగ్లీషులో ఉంది. పల్లవి పూర్తయ్యేలోపే గదిలో అందరికీ అర్థమైపోతుంది.

అర్థం విషయానికొస్తే, "ఇవి సైతాను పాటలటగా" అన్న మాట ఊరికే పుట్టలేదు. 1990ల తొలినాళ్లలో నార్వేలో మెటల్‌లోనే ఇంకో శాఖ అయిన బ్లాక్ మెటల్ వాళ్లు కొందరు చర్చిలు తగలబెట్టారు, అది కోర్టుల్లో రుజువైంది. ఫోక్ మెటల్ ఆ వీధికి పక్క వీధి. 1990లో ఇంగ్లండ్‌లో పుట్టిన స్కైక్లాడ్ ఫిడేలును మెటల్‌లోకి తెచ్చినప్పటి నుంచి ఇక్కడి సరుకంతా ఎక్కువగా పురాణాలు, యుద్ధగాథలు, అడవులు. ఫిన్లాండ్ బ్యాండ్ అమోర్ఫిస్ 1994లో తెచ్చిన ఆల్బమ్‌కు మాటలు ఆ దేశపు ఇతిహాసం కలేవాల నుంచే వచ్చాయి. అయినా క్రైస్తవానికి ముందటి దేవుళ్లను పాడే పాగన్ మెటల్ అంచుల్లో జాతి విద్వేషాన్ని నమ్మే బృందాలు కొన్ని ఉన్నాయి. తల్లిదండ్రులు అడగాల్సింది "సైతానా?" అని కాదు, దీని గురించి. కొత్త బ్యాండ్ మొదలుపెట్టే ముందు పాటల అనువాదాలు చదవాలి, ఇంటర్వ్యూలు చూడాలి, అట్ట మీది గుర్తులు ఎక్కడివో వెతకాలి. పది నిమిషాల పని. మెడలో తలకిందులుగా వేలాడే, ఉత్తర ఐరోపా పురాణాల ఉరుముల దేవుడు థోర్ సుత్తిని తిరగేసిన శిలువ అనుకుని కంగారుపడే పిన్నికి ఒక్క వాక్యం చెబితే సరిపోతుంది.

శబ్దం విషయంలో మాత్రం అమ్మానాన్నలతో వాదించకండి, ఓడిపోతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు చెప్పిన హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది: 86 దగ్గర పది గంటలు, 95 దగ్గర గంటంబావు. వారం మొత్తానికి అంతే! మెటల్ రికార్డింగుల్లో ఇంకో చిక్కుంది. నెమ్మదైన చోట్లు తక్కువ, పాట పొడుగునా శబ్దం గరిష్ఠానికి దగ్గర్లోనే నడుస్తుంది. అందువల్ల ఫోన్‌లో వాల్యూమ్ అంతే ఉన్నా, ఎత్తుపల్లాలున్న పాటకన్నా మెటల్ వల్ల చెవికి చేరే మోతాదు ఎక్కువ. వాల్యూమ్ 60 శాతం దాటనివ్వకండి. బయటి రొద లోపలికి రానివ్వని ఇయర్‌ఫోన్లయితే అంతకన్నా తక్కువలోనే పని జరుగుతుంది.

కచేరీకి పంపాలా వద్దా అన్న వాదనలో ఒక జత ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు చాలాసార్లు తీర్పు మార్చేస్తాయి, సరిగ్గా పెట్టుకుంటేనే. వేళ్లతో సన్నగా నలపాలి. రెండో చేత్తో తల వెనకనుంచి చెవిని పైకీ వెనక్కీ లాగాలి. లోపలికి నెట్టి, అది ఉబ్బేదాకా అరనిమిషం వేలితో అదిమి ఉంచాలి. చాలామంది చెవి లాగరు, అందుకే అది బయటికి జారి పనిచేయదు. స్పీకర్ల ముందు నిలబడకూడదు. ఇంటికొచ్చాక చెవుల్లో గుయ్ మంటుంటే ఆ రోజు మోతాదు మించిందన్నమాట.

చివరగా, బంధువుల్లో జానపదం బాగా తెలిసినవాళ్లు. వీళ్ల అభ్యంతరం వేరు: "మంచి పాటను పాడుచేశారు." దీన్ని తేలిగ్గా కొట్టేయకూడదు, నిజంగానే పాడుచేసినవి చాలా ఉన్నాయి. రాగం ఒక్క ముక్క తీసుకుని సింథసైజర్‌లో వేణువు వాయించి జానపదం అనిపించేవాళ్లకు కొదవలేదు. కానీ ఎలువైటీ 'ఇనిస్ మోనా' వరస ఫ్రాన్స్‌లోని బ్రిటనీ ప్రాంతపు పాత పాటది. ఆ పాటను 1970లలోనే ఆ ప్రాంతపు సంగీతకారుడు అలాన్ స్టివెల్ హార్ప్‌తో పాటు ఎలక్ట్రిక్ గిటార్లు పెట్టి పాడాడు. ట్యూర్ 2002లో పాడిన 'ఓర్మురిన్ లాంగీ' ఫారో దీవుల్లో యెన్స్ క్రిస్టియన్ జుర్‌హూస్ 1830 ప్రాంతంలో రాసిన గాథ, 86 చరణాలు. దీవుల్లో దాన్ని ఏ వాద్యమూ లేకుండా, చేతులు పట్టుకుని వలయంగా ఆడుతూ, అడుగుల చప్పుడే తాళంగా పాడతారు. బ్యాండ్ పాడింది కొన్ని చరణాలే. జానపదం తెలిసిన ఆ బంధువుకు రెండూ వినిపించండి, ముందు దీవుల వాళ్లది, తర్వాత బ్యాండ్‌ది. విన్నాక కూడా అసలుదే బాగుందంటే అననివ్వండి. 86 చరణాలు కూర్చుని విన్న మనిషికి ఆ మాత్రం హక్కుంటుంది.

ఇట్లు,
ఫోక్ మెటల్ శ్రోతలు కొందరు