ఫైళ్లను కలిపే బటన్ ఇవ్వడం లేదు, ఎందుకో చెప్తాం

మా లెక్కల ప్రోగ్రామ్ వాడుతున్న మీ అందరికీ నమస్కారం. మీలో చాలామంది చాన్నాళ్లుగా అడుగుతున్నది ఒకటే: ఇంటి లెక్కలు ఒక ఫైల్‌లో, వ్యాపారానివి ఇంకో ఫైల్‌లో, అమ్మానాన్నలవి మరో దాంట్లో ఉన్నాయి, అన్నీ ఒక్క బటన్‌తో కలిసిపోయేలా చేయండి అని. దానిమీద గట్టిగానే పనిచేశాం, చివరికి పెట్టకూడదనే నిర్ణయించుకున్నాం. తర్వాత చూద్దాం అంటూ నాన్చడం మాకిష్టం లేదు.

ఇంటి ఖాతాలోంచి వ్యాపారానికి డబ్బు పంపారనుకోండి, అది ఇంటి ఫైల్‌లో ఖర్చుగా, వ్యాపారం ఫైల్‌లో జమగా పడుతుంది. కలిపేటప్పుడు ఆ రెండు పద్దులూ ఒకే బదిలీ అని ప్రోగ్రామ్ గుర్తుపట్టాలి. కానీ తేదీలు ఒకరోజు అటూఇటూ ఉంటాయి, అదే వారంలో అంతే మొత్తం ఇంకోసారి కూడా వెళ్లి ఉండొచ్చు, ఇక ఊహించడమే. గుర్తుపట్టకపోతే బ్యాంకు నిల్వ సరిగ్గానే కనిపిస్తుంది గానీ ఆదాయమూ ఖర్చూ రెండూ ఉన్నదానికంటే పెరిగిపోతాయి, పన్ను లెక్కలు వేసేదాకా ఎవరికీ తెలియదు కూడా. మీ డబ్బు విషయంలో అలాంటి ఊహ మేం చేయలేం.

ఒక ఫైల్‌లోని లావాదేవీలను క్యూఐఎఫ్ (లెక్కల ప్రోగ్రామ్‌ల మధ్య లావాదేవీలు పంపుకునే ఫార్మాట్) ఫైల్‌గా తీసి ఇంకో దాంట్లోకి ఎక్కించుకుంటున్నవాళ్లు కూడా కాస్త చూసుకోండి. ఆ పాత ఫార్మాట్‌లో లావాదేవీకి విడిగా గుర్తింపు నంబర్ ఉండదు, పొరపాటున రెండోసారి ఎక్కిస్తే అన్నీ రెట్టింపు కావచ్చు. 1997లో వచ్చిన ఓఎఫ్‌ఎక్స్ అనే ఫార్మాట్‌లో (బ్యాంకు నుంచి లావాదేవీలు దించుకునేది) ప్రతి లావాదేవీకీ బ్యాంకు ఇచ్చిన ఐడీ ఉంటుంది, మీ బ్యాంకు అది ఇస్తుంటే అదే తీసుకోండి.

అసలు ఎన్ని ఫైళ్లు ఉండాలి? మా అభిప్రాయం సూటిగా చెప్తాం: డబ్బు ఎవరిదో దాన్నిబట్టి విడదీయండి, ఏడాదిని బట్టి వద్దు. అమ్మానాన్నల డబ్బు వాళ్లది, దానికి వేరే ఫైల్ ఉండాల్సిందే. కానీ ఏటా కొత్త ఫైల్ మొదలుపెడితే ఎప్పుడో కొన్న షేర్ల కొనుగోలు ధర, నడుస్తున్న అప్పులో ఇప్పటిదాకా కట్టిన వడ్డీ పాత ఫైల్‌లోనే ఉండిపోతాయి, కొత్త దాంట్లో ఓపెనింగ్ బ్యాలెన్స్ ఒక్కటే మిగులుతుంది. ఒక్క ఏడాది లెక్క కావాలంటే రిపోర్ట్‌లో తేదీలు మార్చుకుంటే సరిపోతుంది. ఏడాది చివర ఒక కాపీ తీసి, పేరు 2025-12-31 అని ఏడాది ముందు వచ్చేలా పెట్టండి, ఫోల్డర్‌లో వాటంతటవే వరుసలో నిలబడతాయి.

విడి ఫైళ్ల మధ్య డబ్బు తిరుగుతుంటే ఒక పద్ధతి ఉంది, ఇది అకౌంటెంట్లు ఎప్పటినుంచో చేసేదే. ఇంటి ఫైల్‌లో "వ్యాపారం దగ్గర రావాల్సింది" అని ఒక ఖాతా, వ్యాపారం ఫైల్‌లో "ఇంటికి ఇవ్వాల్సింది" అని ఇంకో ఖాతా తెరవండి. అటూ ఇటూ వెళ్లే ప్రతి రూపాయీ ఖర్చులోకి కాకుండా వీటిలోకే రాయండి. రెండు ఖాతాల నిల్వలూ ఎప్పుడూ సమానంగా ఉండాలి, తేడా వచ్చిందంటే ఎక్కడో ఒకవైపు రాయడం మర్చిపోయారన్నమాట. కొత్త వెర్షన్‌లో మేం పెడుతున్నది సరిగ్గా దీన్ని పోల్చి చూపించే రిపోర్టే. రెండు ఫైళ్లనూ చదువుతుంది, దేన్నీ మార్చదు, తేడా ఎక్కడ మొదలైందో తేదీతో చూపిస్తుంది. ఏది సరిచేయాలో మీరే నిర్ణయించుకుంటారు.

ఇంకో మార్పు, కొందరికి మొదట్లో చికాకుగా అనిపించొచ్చు: ప్రోగ్రామ్ తెరవగానే కిందటిసారి వాడిన ఫైల్ ఇకమీదట దానంతటది తెరుచుకోదు. ఏది కావాలో అడుగుతుంది, తెరిచాక ఫైల్ పేరూ అది ఉన్న ఫోల్డరూ పైన ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటాయి. ఇంటి ఖర్చులు వ్యాపారం ఫైల్‌లో ఎక్కించేసి, బ్యాకప్ కాపీనే అసలు ఫైల్ అనుకుని వారాల తరబడి అందులో రాసి టెన్షన్ పడినవాళ్ల ఉత్తరాలు చదివాకే ఇది చేశాం.

క్లౌడ్ ఫోల్డర్‌లో ఫైల్ పెట్టి రెండు కంప్యూటర్లలో వాడేవాళ్లు ఒక దాంట్లో మూసి, సింక్ పూర్తయ్యాకే రెండోదాంట్లో తెరవండి. ఫైల్ వాడుకలో ఉందని చెప్పే లాక్ అవతలి కంప్యూటర్‌కి ఆలస్యంగా చేరితే మేం ఆపలేం.

అప్‌డేట్ చేసేముందు అన్ని ఫైళ్లకూ బ్యాకప్ తీసుకోండి. మీ అమరిక గురించి ఏ సందేహమున్నా రాయండి, ఫైళ్లూ పాస్‌వర్డ్‌లూ మాత్రం మాకు పంపకండి, ఏ ఫైల్‌లో ఏముందో మాటల్లో చెప్తే చాలు.