స్వలింగ జంటల హక్కులు: జిల్లా అధికారులు స్పందించాలి

సంపాదకులకు,

అయ్యా,

స్వలింగ ప్రేమికుల హక్కుల ఉద్యమం విదేశాల నుంచి దిగుమతి అయిన వ్యవహారమని మా కావలిలో చదువుకున్నవారు సైతం అంటుంటారు. 1969 జూన్ 28న న్యూయార్క్‌లోని స్టోన్‌వాల్ ఇన్‌పై పోలీసులు దాడి చేస్తే అక్కడివారు ఎదురుతిరగడంతో ఆ ఉద్యమం ఊపందుకున్న మాట, అంతకు చాలా ముందే 1897లో బెర్లిన్‌లో మాగ్నస్ హిర్ష్‌ఫెల్డ్ అనే వైద్యుడు ఇందుకోసం సంఘం పెట్టిన మాట నిజమే. అయితే మన దేశంలో స్వలింగ సంబంధాలను నేరంగా మార్చిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్‌ను 1860లో మన మీద రుద్దింది ఆంగ్లేయులే. ఇంగ్లండ్ 1967లోనే తన చట్టాన్ని సడలించుకుంది. మనం మాత్రం 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పు వచ్చేదాకా ఆ సెక్షన్‌ను మోస్తూనే ఉన్నాం.

మా ప్రాంతం వారికి ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి, ఎరుకల కుటుంబాలను కావలి సెటిల్‌మెంటులో కట్టడి చేయడానికి ఆధారమైన నేరస్థ తెగల చట్టం 1871లో మొదటిసారి వచ్చినప్పుడు, దాని రెండో భాగం ఉత్తరాదిన హిజ్రాల పేర్లను రిజిస్టరులో ఎక్కించి, అలా నమోదైనవారు ఆడవేషంలో బయట కనబడితే అరెస్టు చేసే అధికారం పోలీసులకిచ్చింది. తెగల మీది ముద్ర అన్యాయమని ఒప్పుకుని 1952లో దేశమంతటా ఆ చట్టాన్ని రద్దు చేసుకున్నాం. అదే పాలకులు వేసిన రెండో ముద్రను మాత్రం మన సంప్రదాయమని ఇంకా భ్రమపడటం నాకెంతో బాధ కలిగిస్తోంది.

ఢిల్లీ పోలీసు ప్రధాన కార్యాలయం ముందు 1992లో జరిగిన నిరసన మొదలు, 2009లో హైకోర్టులో గెలిచి, 2013లో సుప్రీంకోర్టులో ఓడి, మళ్లీ 2018లో గెలిచేదాకా ఈ పోరాటం నడిపింది మన దేశస్థులే.

సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17 తీర్పులో స్వలింగ జంటలకు వివాహ హక్కు దక్కలేదు. దాని ఫలితం మన ఆసుపత్రుల్లో కనిపిస్తుంది. ఆపరేషన్‌కు ముందు సంతకం కోసం ‘మీరు పేషెంటుకి ఏమవుతారు?’ అని అడిగితే, ఏళ్ల తరబడి కలిసి బతికిన మనిషి ‘ఫ్రెండ్‌నండీ’ అని పక్కకు జరగవలసి వస్తోంది. రేషన్ కార్డు విషయంలో ఇలాంటి జంటలను ఒకే కుటుంబంగా చూడాలని కేంద్ర ఆహార శాఖ, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు ఆటంకం లేదని ఆర్థిక శాఖ 2024లోనే స్పష్టం చేశాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల కలెక్టర్లు ఈ సూచనలను తెలుగులో తహసీల్దారు కార్యాలయాలకు, సచివాలయాలకు, బ్యాంకు శాఖలకు పంపి, దరఖాస్తులు తీసుకునే సిబ్బందికి వివరించే ఏర్పాటు చేయాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కావలి