క్యాసెట్‌ని గరుకు కాగితంతో రుద్దమని మాత్రం చెప్పకండి

సంపాదకుడి గారికి,

నమస్కారం. రెండు వారాల కిందట మీ ఆదివారం పేజీల్లో చిన్ననాటి వీడియో గేమ్‌ల మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. బాగుంది. దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. నా గొడవంతా ఆ వ్యాసం కింద గళ్ళలో వేసిన నాలుగు లైన్ల చిట్కాతోనే. పాత క్యాసెట్ ఆడకపోతే లోపలికి గట్టిగా ఊదండి, అప్పటికీ రాకపోతే పిన్నుల్ని గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్దండి అని అందులో రాశారు. సరిగ్గా అలాగే రుద్ది ఒక కాంట్రా క్యాసెట్‌ని చేజేతులా పాడు చేసుకున్నవాణ్ణి నేను, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగవుతుంది, కత్తిరించుకోండి, కానీ గరుకు కాగితం సంగతి మాత్రం కత్తిరించొద్దు.

క్యాసెట్ అనే రాస్తాను, ఏమీ అనుకోకండి. కార్ట్రిడ్జ్ అంటే నాకు ఇప్పటికీ ప్రింటరే గుర్తొస్తుంది. 1983లో జపాన్‌లో నింటెండో వాళ్ళు అమ్మకానికి పెట్టిన ఫ్యామికామ్ అనే మెషీన్‌కి నకళ్ళు 90లలో మన ఊళ్ళన్నిటికీ వచ్చాయి, మనలో చాలామంది ఆడింది వాటి మీదే. మాది నెల్లూరు, నాన్న ఉద్యోగం వల్ల చెన్నై చేరాం. మా మెషీన్ బర్మా బజార్‌లో బేరమాడి కొన్నది. నాన్న చెప్పిన ధరకి అమ్మ ఈ రోజుకీ నమ్మదు, ఆ లెక్క ఇప్పుడెందుకు.

2015 డిసెంబర్ మొదట్లో అడయారు నది పొంగినప్పుడు జాఫర్‌ఖాన్‌పేటలో మా ఇంట్లో కిటికీ దాకా నీళ్ళొచ్చాయి. మంచం కింద ట్రంకు పెట్టెలో క్యాసెట్లు. ఐదు రోజుల తర్వాత తిరిగొచ్చి చూస్తే పెట్టెలో సగం బురద. అమ్మ చీరలు, నాన్న సర్టిఫికెట్లు ఆరేసుకునే హడావుడిలో నేను క్యాసెట్లని ఒక పాత బట్టతో తుడిచి రెండు రోజులు మేడ మీద ఎండలో పడేసి, బిస్కెట్ డబ్బాలో సర్ది అటక మీద పెట్టేశాను. తడి ఆరింది కదా, ఇంకేం భయం అనుకున్నాను. నీళ్ళయితే ఆరాయి గానీ, నీళ్ళలో ఉన్న ఉప్పూ మట్టీ ఎక్కడికి పోతాయి? అవి క్యాసెట్ లోపల ఉండే సర్క్యూట్ బోర్డు మీదే ఉండిపోయాయి. చెన్నై గాలి సంగతి మీకు చెప్పాలా, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి ముద్దయిపోతుంది. బోర్డు మీది ఉప్పూ అలాగే గాలిలో చెమ్మని పీల్చుకుంటూ రాగిని తొమ్మిదేళ్ళు నిదానంగా తింటూ కూర్చుంది.

పోయిన ఏడాది వేసవి సెలవులకి మా అక్క కొడుకు వచ్చి, "మావయ్యా, నీ పాత గేమ్‌లు చూపిస్తానన్నావుగా" అని పట్టుబడితే డబ్బా దించాను. ఒక్కటీ ఆడలేదు. స్క్రూడ్రైవర్‌తో అంచు పట్టి తెరిస్తే లోపల పాత రాగి బిందె అడుగున పట్టే పచ్చటి చిలుము.

ఇక గరుకు కాగితం దగ్గరికి వస్తాను. క్యాసెట్ కింద కనిపించే పసుపు పచ్చటి పిన్నులు లోపలంతా రాగి, దాని మీద నికెల్, ఆ పైన బంగారు పూత. ఆ పూత మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు, నకిలీ క్యాసెట్లలో ఇంకా పలచన. దాని మీద గరుకు కాగితం పెట్టి నాలుగుసార్లు లాగితే బంగారం, నికెల్ రెండూ లేచిపోయి రాగి బయటపడుతుంది. నిజమే, ధగధగా మెరుస్తుంది. నా కాంట్రా కూడా మెరిసింది, ఆ సాయంత్రం ఆడింది కూడా, మేనల్లుడి ముందు కాలరెగరేశాను. నెల తిరిగేసరికి మళ్ళీ ఆగిపోయింది, మళ్ళీ రుద్దాను, మళ్ళీ ఆడింది. మూడోసారికి రెండు పిన్నులు బోర్డు నుంచి ఊడి కాగితానికి అంటుకొచ్చాయి. రాగి విడిగా ఉన్నప్పటి కంటే బంగారం పక్కన గీతల్లోంచి బయటపడ్డప్పుడు చెమ్మ తగిలితే ఇంకా తొందరగా చెడుతుందట. అంటే రుద్దిన ప్రతిసారీ నేను జబ్బుని పెంచుతూ వచ్చానన్నమాట.

ఊదడం మాటకొస్తే, అది మనందరి అలవాటే, దానికి మన ఊరూ జపానూ తేడా లేదు. కానీ నోటి గాలిలో చెమ్మ వల్ల పిన్నులు తుప్పు పడతాయి, ఊదొద్దు అని నింటెండో వాళ్ళే వాడేవాళ్ళని హెచ్చరించారు. మరి ఊదితే ఎందుకు ఆడేదంటారా? ఊదడానికి క్యాసెట్ తీసి మళ్ళీ పెడతాం కదా, ఆ తీసి పెట్టడంలో పిన్నులు రాసుకుని కరెంటు తగిలేది. పేరు మాత్రం ఊపిరికి దక్కింది.

కాంట్రా పోయాక బుద్ధొచ్చి మిగతావి పట్టుకుని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచ్చీ స్ట్రీట్ వెళ్ళాను. మొదటి దుకాణంలో, పేరెందుకులెండి, పెట్టె తెరవకుండానే "పారేయండి సార్, ఈ డబ్బుకి వెయ్యి గేమ్‌లున్న కొత్తది వస్తుంది" అన్నారు. రెండో చోట కుర్రాడు మాట్లాడుతూనే చేతిలోకి గరుకు కాగితం తీసుకున్నాడు, లాక్కున్నంత పని చేసి బయటపడ్డాను. మూడోది మెట్లెక్కి వెళ్ళే చిన్న గది. అక్కడి పెద్దాయన ఆంప్లిఫయర్లు బాగు చేస్తారు, సూళ్ళూరుపేట వైపు మనిషి, నా తమిళం రెండు ముక్కలు విని తెలుగులోకి దిగిపోయారు. బోర్డుని లైటు కింద అటూ ఇటూ తిప్పి ఒకే ప్రశ్న అడిగారు.

"ముందు దీన్ని కడిగావా బాబూ?"

"నీళ్ళతోనా అండీ?"

"మరి పాలతో కడుగుతారా!"

వరద నీళ్ళలో మునిగిన బోర్డుని మళ్ళీ నీళ్ళతో కడగడమేంటని నాకు మింగుడు పడలేదు. ఆయన లెక్క తేలిక. బోర్డులో కరెంటు లేనప్పుడు, బ్యాటరీ లేనప్పుడు నీళ్ళు దాన్నేమీ చేయవు, చెడగొట్టేది నీళ్ళలోని ఉప్పు, ఆ ఉప్పుని కరిగించి బయటికి పంపడానికి మళ్ళీ శుభ్రమైన నీళ్ళే కావాలి. కార్పొరేషన్ నీళ్ళు, బోరు నీళ్ళు కాదు, ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. చెన్నైలో అది దొరకని వీధి లేదు, కొనేటప్పుడు సీసా మీద చూసుకోండి, పక్కనే యాసిడ్ కూడా పెడతారు. వదిలేసిన టూత్ బ్రష్‌తో ఆ నీళ్ళలో మట్టి పోయేదాకా కడగాలి. పచ్చగా మిగిలిన చోట దూదికి వెనిగర్ అద్ది రెండు మూడు నిమిషాలు ఉంచితే చిలుము సన్నటి నురగతో కరుగుతుంది. నేను ఇంట్లో ఈ పని చేస్తుంటే అమ్మ చూసి చింతపండు ఇవ్వనా అంది, రాగి చెంబు తోమేది దానితోనే కదా అని. సూత్రం అదే, పులుపుకి చిలుము కరుగుతుంది, అమ్మని తప్పు పట్టలేం, కాకపోతే చిప్ కాళ్ళ మధ్య పిప్పి ఇరుక్కుంటే తీయలేం. వెనిగర్ కూడా ఉండిపోతే అదే మళ్ళీ రాగిని తింటుంది, కాబట్టి ఇంకో రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్. రిచ్చీ స్ట్రీట్‌లో ఐపీఏ అంటే ఇచ్చేస్తారు. తొందరగా అంటుకుంటుంది, పొయ్యి దగ్గరా వేడి సోల్డరింగ్ ఐరన్ దగ్గరా పెట్టొద్దు. ఆ తర్వాత ఒక రోజు ఫ్యాన్ కింద. పిన్నులు అప్పటికీ మసకగా ఉంటే పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా, అంతే.

నా దగ్గరున్న ఏడింటిలో నాలుగు ఈ కడుగుడుకే లేచి కూర్చున్నాయి. సోల్డరింగ్ లేదు, ఖర్చు లేదు. పారేయమన్నది వీటినే.

ఐలాండర్ అనే గేమ్ క్యాసెట్ మాత్రం సగం లేచింది. పాట వస్తోంది, బటన్ నొక్కితే దూకిన చప్పుడు వస్తోంది, తెర మీద మనిషి బదులు చారలు, ముక్కలు. నేనైతే చిప్ పోయిందనుకునేవాణ్ణి. పెద్దాయన తెర వైపు చూడకుండా పాట విని, ప్రోగ్రామ్ బాగానే ఉంది, బొమ్మల దారి తెగింది అన్నారు. ఈ క్యాసెట్లలో ప్రోగ్రామ్ ఒక దారిలో మెషీన్ బుర్రకి వెళుతుంది, బొమ్మలు వేరే దారిలో తెర గీసే చిప్‌కి వెళతాయి, రెండిటికీ పిన్నులు వేరు. ప్రోగ్రామ్ దారి తెగితే అసలు ఏమీ రాదు, ఉత్త రంగు తెర. బొమ్మల దారిలో ఉండే ఎనిమిది డేటా లైన్లలో ఒక్కటి తెగినా గేమ్ నడుస్తూనే ఉంటుంది గానీ బొమ్మలు చెదిరిపోతాయి. ఒక పక్కకి ముప్పై చొప్పున అరవై పిన్నులు, వాటిలో ఆ ఎనిమిదింటి మీదే మల్టీమీటర్‌ని, దారి తెగకుండా ఉంటే కుయ్ మనే మోడ్‌లో పెట్టి ఒక్కొక్కటీ వెతికారు. ఏడు కుయ్‌మన్నాయి, ఒకటి మూగబోయింది.

ట్రాక్, అంటే బోర్డు మీది రాగి గీత, చూడ్డానికి బాగానే ఉంది. తెగింది ట్రాక్‌లో కాదు, బోర్డుకి ఒక వైపు నుంచి రెండో వైపుకి ట్రాక్ దాటే సూదిమొనంత రంధ్రంలో. ఆ రంధ్రం గోడలకి ఉండే రాగి పూతని చిలుము లోపల్నుంచి తినేసింది, పైకి ఒక నల్ల చుక్క తప్ప ఏమీ కనపడదు. రెండు వైపులా బ్లేడుతో ఆకుపచ్చ పూత గీకి, లెడ్ (సోల్డర్) బాగా పట్టేందుకు కొంచెం ఫ్లక్స్ పెట్టి, లెడ్ అంటించి, పాత ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి తీసిన వెంట్రుకంత వైండింగ్ తీగతో జంపర్ వేశారు, అంటే తెగిన దారికి బదులు తీగ దారి. తీగ మీది లక్క పూతని కొసన గీకకపోతే లెడ్ పట్టదు, ఇంట్లో చేసేవాళ్ళు మొదట తప్పేది అక్కడే. ఫ్లక్స్ కూడా రోజిన్‌దే వాడాలి, పైపులు అతికే యాసిడ్ పేస్టు పెడితే మళ్ళీ తుప్పుకి పిలుపే. అంతా కలిపి నా దగ్గర తీసుకున్నది 150 రూపాయలు, రెండు టీలు నేను తెప్పించాను.

మా పిన్ని కొడుకు సింగపూర్ నుంచి తెచ్చిన పోకెమాన్ గోల్డ్ క్యాసెట్ కూడా చూపించాను, గేమ్ బాయ్ అనే చేతిలో పట్టుకుని ఆడే మెషీన్‌ది. వరదలో తడవలేదు, కానీ దాచుకున్న ఆట గుర్తుండట్లేదు. దాన్లో గడియారం తిరగడానికి, ఆట దాచడానికి ఒక బటన్ సెల్ ఉంటుంది, సీఆర్ 2025, అది అయిపోయింది. మారిస్తే మళ్ళీ మామూలే. ఇది మీరే చేసేట్టయితే రేకులు అతికిన సెల్ కొనుక్కోండి, సెల్ మీద నేరుగా ఐరన్ పెడితే వేడికి పగలొచ్చు.

కాంట్రా సంగతి అడిగాను. ఊడిన పిన్నుల చోట లెడ్ పూస్తే సరిపోదా అంటే, మందం పెరిగి మెషీన్ సాకెట్‌ని వదులు చేస్తుంది, అప్పుడు మిగతా క్యాసెట్లు కూడా ఆడవు, వద్దు అన్నారు. దాన్ని ఎవరు రుద్దారని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

అయ్యా, ఊదొద్దు, రుద్దొద్దు, కడగండి అని మీరు ఒక సవరణ వేస్తే చాలు. ఇళ్ళల్లో అటకల మీద ఇలాంటి డబ్బాలు ఎన్నో ఉంటాయి, మీ వ్యాసం చదివి ఈపాటికి కొందరు గరుకు కాగితం కొని కూడా ఉంటారు.

ఇంకో చిన్న సాయం. మిగిలిన ఒక్క క్యాసెట్ 64 గేమ్‌లది, పసుపు రంగు డొక్క, మామూలు చిప్ బదులు తారు లాంటి నల్ల బొట్టు, దాని లోపల చిప్ ఉండే రకం. బొట్టు బాగానే ఉన్నట్టుంది గానీ, దాని పక్కన మూడు ట్రాక్‌లు ఒకే చోట పూర్తిగా మాయమైపోయాయి, ఏ కొస ఏ పిన్నుకి వెళ్ళేదో ఆనవాలు లేదు. ఊహించి జంపర్ వేయడానికి పెద్దాయన ఒప్పుకోవట్లేదు, ఆయన చెప్పిందే నిజం. మీ పాఠకుల్లో ఎవరి దగ్గరైనా ఇలాంటి పసుపు క్యాసెట్ బాగున్నది ఉంటే, తెరిచి బోర్డుకి రెండు వైపులా ఫోటో తీసి మీ కార్యాలయానికి పంపమని చెప్పగలరా? నేనే వచ్చి తీసుకుంటాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
జాఫర్‌ఖాన్‌పేట, చెన్నై