తోడు కావాలంటే ఎవరిని అడగాలి?

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన నెల మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన ఈశాన్య యాత్రల వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైందని తెలుసు. ఆ కాగితాన్ని మడిచి మందుల డబ్బా కింద పెట్టుకున్నాను. రోజూ బీపీ మాత్ర వేసుకునేటప్పుడు కనబడుతోంది, రోజూ ఒళ్లు మండుతోంది. డాక్టరు మాత్ర మార్చకముందే రాసేస్తే మంచిదనిపించింది.

"బ్యాగు సర్దుకోండి, బయల్దేరండి, ఎవరి కోసమూ ఆగొద్దు" అని పెద్ద అక్షరాలతో వేశారు. పక్కన అరపేజీ సిక్కింలోని గురుడోంగ్‌మార్ సరస్సు ఫొటో. మూడు రోజులు తిరిగాయో లేదో, బుధవారం నగరం పేజీలో ఒక అధికారి గారి హితవు: ముక్కూమొహం తెలియనివాళ్లతో దూరప్రయాణాలు పెట్టుకోవద్దట. ఒంటరిగా పొమ్మని ఒక పేజీ, తెలియనివాళ్లతో పోవద్దని ఇంకో పేజీ. తెలిసినవాళ్లేమో రారు. ఇక మాలాంటివాళ్లకు మిగిలింది టీవీ ముందు కుర్చీయే.

ఆ వ్యాసం రాసినవారు ఉత్తర సిక్కిం వెళ్లినట్టు నాకైతే అనిపించలేదు. గురుడోంగ్‌మార్ దాదాపు 17 వేల అడుగుల ఎత్తున, చైనా సరిహద్దు దగ్గర ఉంది. మన దేశస్థులకైనా పర్మిట్ లేకుండా పోనివ్వరు. అది కౌంటర్ ముందు లైన్లో నిలబడి తెచ్చుకునేదీ కాదు. గుర్తింపు ఉన్న ట్రావెల్ ఏజెన్సీ ద్వారానే రావాలి, ఆ ఏజెన్సీ బండిలోనే పోవాలి. బండి అంటే ఎనిమిది, పది మంది పట్టే జీపు. సీట్లు నిండితే తలా కొంత పడుతుంది. నిండకపోతే మొత్తం మన నెత్తినే. పైగా 2023 అక్టోబరు 4న దక్షిణ ల్హోనాక్ సరస్సు గట్టు తెగినప్పుడు తీస్తా నది చుంగ్‌థాంగ్ దగ్గర ఆనకట్టనే ఊడ్చుకుపోయింది, వంతెనలు కూడా పోయాయి. అప్పటి నుంచీ గట్టిగా ఒక వాన పడితే చాలు, ఆ దారి మళ్లీ మూతపడుతుంది. ఇవేవీ వ్యాసంలో లేవు. అదే సిక్కింలో చైనా సరిహద్దు కనుమ నాథూ లాకు సోమ, మంగళవారాల్లో వదలరన్న ఒక్క ముక్కా లేదు. హోటళ్ల పేర్లు మాత్రం నాలుగున్నాయి.

అరుణాచల్ ప్రదేశ్‌లోని తవాంగ్ వెళ్లాలంటే "వీసా లాంటిది" కావాలని కూడా రాశారు. వీసా ఏమిటండీ, అది మన దేశం. దాన్ని ఇన్నర్ లైన్ పర్మిట్ అంటారు, బయటి రాష్ట్రాలవాళ్లు అక్కడ అడుగుపెట్టడానికి తీసుకునే అనుమతి. తెల్లవాళ్లు 1873లో పెట్టిన నిబంధన. అరుణాచల్, నాగాలాండ్, మిజోరంలలో ఇప్పటికీ నడుస్తోంది, 2019లో మణిపూర్‌నూ చేర్చారు. అరుణాచల్‌ది అయితే ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు. నాకది తప్పనిపించదు. అక్కడి జనం తమ నేలను కాపాడుకుంటున్నారు. మన చెరువుల చుట్టూ అలాంటి గీత ఒకటి ఎవరైనా గీసి ఉంటే ఈపాటికి హైదరాబాద్‌లో ఇంకో నాలుగు చెరువులు మిగిలి ఉండేవి. సరే, ఆ గోల ఇంకో ఉత్తరంలో.

నా గొడవ పర్మిట్‌తో కాదు, తోడుతో. నేను రిటైరైన టీచర్‌ని. పెన్షన్ మీద బతికేదాన్ని, విమానాలూ ప్యాకేజీలూ నా వల్ల కావు. స్లీపర్ రైలు, షేరింగ్ సుమో, లాడ్జి గది, ఇదీ నా లెక్క. పోయినేడాది తవాంగ్ వెళ్దామని నాలుగు నెలలు మనుషుల కోసం వెతికాను. పార్కులో నాతో నడిచే ఆరుగురు ఆడవాళ్లలో నలుగురు "మా ఆయన్ను అడిగి చెప్తా" అన్నారు. ఆయనలు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు. ఒకామె కోడలి పురుడని తప్పుకుంది. ఇంకొకామె పర్మిట్ కూడా తీసుకుని, బయల్దేరే వారం ముందు "అక్కడ టాయిలెట్లు ఎట్లుంటయో" అని ఆగిపోయింది. ఆమెను ఏమీ అనలేను, ఆ భయం నాకూ ఉంది.

ఏజెంట్ల దగ్గరికి వెళితే, నా మనవడి వయసు కుర్రాడు కంప్యూటర్ వైపు చూస్తూనే "సింగిల్ అయితే డబుల్ కట్టాలి ఆంటీ" అన్నాడు. పోనీ సర్కారువాళ్లేమైనా చేస్తారేమోనని ఒక ఆఫీసుకు వెళ్లాను. మూడో అంతస్తు నుంచి ఒకటో అంతస్తుకు, అక్కడి నుంచి లంచ్ తర్వాతకు పంపారు. లంచ్ తర్వాత ఒకాయన నా కాగితమంతా శ్రద్ధగా చదివి "తవాంగ్ ఏ జిల్లా మేడం?" అని అడిగాడు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినదాన్ని. నా క్లాసులో అయితే బెంచీ ఎక్కించేదాన్ని.

చివరికి ఒక్కదాన్నే వెళ్లాను. సికింద్రాబాద్‌లో రైలెక్కి రెండు రాత్రులు గువాహటికి. అక్కడి నుంచి తేజ్‌పూర్, భాలుక్‌పోంగ్ గేటు దగ్గర పర్మిట్ చూపించడం, బొమ్‌డిలాలో ఒక రాత్రి, సేలా కనుమ మీదుగా తవాంగ్. షేరింగ్ సుమోలో సీటు కొనుక్కుంటే చాలు, అక్కడిదాకా ఒంటరితనం అడ్డు రాలేదు. 2024 మార్చిలో సొరంగం తెరిచాక సేలా దగ్గర మంచు భయమూ తగ్గింది. అడ్డొచ్చింది బుమ్ లా దగ్గర. అది 15 వేల అడుగుల పైన, చైనా సరిహద్దు. దానికి మళ్లీ వేరే అనుమతి, డీసీ, అంటే అక్కడి కలెక్టరు, ఆఫీసులో ఒకటి, మిలిటరీ వాళ్లది ఒకటి. స్థానిక బండ్లనే పోనిస్తారు, సీటు లెక్కన కాదు, బండి మొత్తం మాట్లాడుకోవాలి. నాకు చెప్పిన రేటు ఆరు వేలు. నా లాడ్జి గది ఏడు వందలు.

రెండు రోజులు పాత బజారులో ప్రతి టీ కొట్టు దగ్గరా నిలబడి, కనబడిన ప్రతి టోపీనీ "బుమ్ లా, బుమ్ లా?" అని అడిగాను. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్‌ని, బస్టాండులో కండక్టర్‌లా కేకలేశాను. మూడో రోజు పొద్దున వెనకాల నుంచి "అమ్మమ్మా, నీకు స్వెటర్ కొన్నా" అని ఫోన్లో ఎవరో తెలుగులో అంటున్నారు. తిరిగి చూస్తే పాతికేళ్ల పిల్ల. మియాపూర్‌లో ఉంటుందట, ఊరు వరంగల్. ఆమే రెండు రోజులుగా పక్క సందులో లాడ్జి రిసెప్షన్ దగ్గర మనుషుల కోసం కాచుకుని కూర్చుందట. మాటల్లో తేలింది, ఇద్దరం సికింద్రాబాద్‌లో ఒకే రైలు ఎక్కాం. ఆమె ఎస్-3, నేను ఎస్-7. రెండు రాత్రులు నాలుగు పెట్టెల దూరంలో పులిహోర తింటూ కూర్చుని, దేశం చివరికి వెళ్లి ఒకరినొకరం వెతుక్కున్నాం. ఇద్దరు బెంగాలీలను కూడా కలుపుకుని తలా పదిహేను వందలకు వెళ్లొచ్చాం. దారిలో నాకు ఊపిరి అందకపోతే ఆ పిల్లే నోట్లో కర్పూరం బిళ్ల పెట్టబోయింది. అది వాసన చూడ్డానికమ్మా అని చెప్పేలోపు సగం మింగినంత పనైంది.

అమీర్‌పేటలో ఏ కరెంటు స్తంభం చూసినా "రూమ్‌మేట్ కావలెను" కాగితాలే. ముక్కూమొహం తెలియనివాళ్లతో ఏడాది పొడుగునా ఒక గదిలో ఉండొచ్చు. మీ పేపర్లోనే ప్రతి ఆదివారం "వధువు కావలెను, వరుడు కావలెను" పేజీలకు పేజీలు. తెలియనివాళ్లతో జన్మంతా ఉండొచ్చు. పది రోజులు జీపులో పక్కన కూర్చోవడానికి మాత్రం అధికారి గారికి ప్రమాదం కనిపించింది!

ప్రమాదం లేదని నేననను. కానీ కైలాస మానససరోవర యాత్రను చూడండి. 2020 నుంచి ఆగిపోయి 2025లో మళ్లీ మొదలైంది. విదేశాంగ శాఖే దరఖాస్తులు తీసుకుని, కంప్యూటర్‌తో డ్రా తీసి, లిపులేఖ్ కనుమ మీదుగా ఐదు, నాథూ లా మీదుగా పది జట్లను, జట్టుకు యాభై మంది చొప్పున, పంపింది. ఆ యాభై మంది ఏమన్నా చుట్టాలా? కాగితాలు చూస్తారు, వైద్య పరీక్ష చేస్తారు, వెంట అధికారిని పంపుతారు. దానికి లక్షల్లో ఖర్చు, నాకు చాలదు. అయినా ముక్కూమొహం తెలియనివాళ్లను పద్ధతిగా జట్టు కట్టించడం సర్కారుకు చేతకాని పనేం కాదని తెలుస్తూనే ఉంది కదా.

నేనడిగేది అంత పెద్దదేమీ కాదు. నగరంలో ఒకచోట ఒక రిజిస్టర్. పేరు, వయసు, గుర్తింపు కార్డు నకలు, ఏ నెలలో ఎక్కడికి, రోజుకు ఎంత ఖర్చు పెట్టగలరు. ఎవరికి ఎవరు కుదిరితే వాళ్లు ఆ ఆఫీసులోనే ముందుగా కలుసుకుని ఒక టీ తాగుతారు. కుదరకపోతే నమస్కారం పెట్టి వచ్చేస్తారు, పెళ్లిచూపుల్లో చేసేదీ అదే. దీనికి ఒక గుమాస్తా, ఒక బల్ల చాలు. "ఏ హెడ్ కింద పెట్టాలి" అని వాళ్లు తలపట్టుకునేలోపు, మీరైనా ఆదివారం ఆ హోటళ్ల పేర్లు వేసిన చోట రెండు అంగుళాలు "ప్రయాణానికి తోడు కావలెను" అని వేయండి. డబ్బులు కడతాం, ఊరికే వద్దు.

మే మొదటి వారంలో, దారి తెరిచి ఉంటే, గురుడోంగ్‌మార్ దారిలోని లాచెన్ వెళ్దామనుకుంటున్నాను. మియాపూర్ అమ్మాయికి సెలవు దొరకలేదు. ముగ్గురు కావాలి, గురక ఉన్నా పర్వాలేదు, నాకూ ఉంది. నా చిరునామా, ఫోన్ నంబర్ ఈ ఉత్తరం వెనక రాశాను. అడిగినవాళ్లకు ఇవ్వండి. మీరు వేయకపోతే అమీర్‌పేట స్తంభాలకు అంటించక తప్పదు, జరిమానా పడితే ఆ రసీదు మీకే పంపిస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయిని,
నల్లకుంట, హైదరాబాద్