రాకెట్లు సరే, గాలి మాటేమిటి?

సంపాదకులకు,

అంతరిక్షంలో శాశ్వత నివాసాల గురించిన వార్తల్లో రాకెట్ల ఫొటోలే ఎక్కువ. అక్కడికి వెళ్లాక ఏం పీలుస్తారు, ఏం తింటారు అన్నది ఎక్కడో చివరి పేరాలో ఉంటుంది. నాకైతే అసలు కథ అదే.

1991లో అమెరికాలోని అరిజోనాలో బయోస్ఫియర్-2 అనే, బయటి గాలి చొరబడకుండా మూసేసిన గాజు భవనంలోకి ఎనిమిది మంది వెళ్లి రెండేళ్లు ఉన్నారు. పంటలు, చెట్లు, చిన్నపాటి సముద్రం కూడా అందులోనే. 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ కాస్తా 14 శాతం దగ్గరికి పడిపోయింది. మెట్లెక్కితే ఆయాసం, రాత్రి సరిగా నిద్ర పట్టదు. సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను లాగేశాయి. అవి వదిలిన కార్బన్ డయాక్సైడ్‌ను మొక్కలకు దక్కనివ్వకుండా కాంక్రీటు పీల్చేసుకుంది. గోడలు కూడా గాలి తాగుతాయని ఎవరనుకుంటారు! చివరికి బయటి నుంచి ఆక్సిజన్ ఎక్కించాల్సి వచ్చింది. అంగారకుడి మీద ఆ పరిస్థితి వస్తే? భూమి నుంచి నౌక బయల్దేరడానికి అనువైన సమయమే 26 నెలలకోసారి వస్తుంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2000 నవంబరు నుంచి మనుషులు ఉంటూనే ఉన్నారు కదా అనొచ్చు. నిజమే, మూత్రాన్ని కూడా శుద్ధి చేసుకుని తాగుతున్నారు. కానీ తిండి మాత్రం కింది నుంచే వెళ్లాలి. అది ఊరు కాదు, క్యాంపు. ఊరంటే పిల్లలు పుట్టాలి. భూమ్యాకర్షణలో 38 శాతమే ఉన్న అంగారకుడి మీద పసివాళ్ల ఎముకలు ఎలా ఎదుగుతాయి?

మీ సైన్స్ పేజీలో ఈసారి రాకెట్ పక్కన పెట్టి, మూసిన గదిలో గాలిని నిలబెట్టే పరిశోధనల గురించి రాయించండి.

– ఒక పాఠకుడు